పాత వారపత్రిక భవనం చరిత్ర ఎలా తేల్చాలి? పిట్టగోడ మీద 1931, పెంకుల మీద 1865

పెద్దబజారు (ప్రశ్న)

కోస్తా డెల్టాలో చిన్న మునిసిపల్ పట్టణం, పాత గుంటూరు జిల్లా. బజారులో ఒక వారపత్రిక కార్యాలయం ఉండేది. పత్రిక ఎప్పుడో ఆగిపోయింది, భవనం మిగిలింది. ముందు రెండు గదులు, వాటి మీద ఒక మేడగది, వెనక పొడవాటి పెంకుల హాలు. పిట్టగోడ మీద సున్నపు గచ్చుతో పోసిన అక్షరాల్లో "ప్రజోత్పత్తి 1931" అని ఉంది. వెనక హాలు పెంకులు తిప్పి చూస్తే ఇంగ్లిషులో బాసెల్ మిషన్ పేరు, 1865 అనే అంకె. దీన్నిబట్టి కొందరు హాలు 1865 నాటిదని, ముందు భాగం తర్వాత కట్టారని అంటున్నారు.

యజమానులు ఈ వేసవిలో మరమ్మతు మొదలుపెడుతున్నారు. ముందు గోడకు ఒక చిన్న ఫలకం పెట్టడానికి ఒప్పుకున్నారు. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే 1983 నుంచి మాత్రమే వచ్చింది, అందులో పత్రిక పేరే లేదు. శాఖా గ్రంథాలయంలో 1938 నుంచి 1941 దాకా, తర్వాత 1950ల నాటివి కొన్ని సంచికలు బైండు చేసి ఉన్నాయి.

అడిగేవి మూడు. ఈ భవనం పత్రిక కోసమే కట్టిందా అన్నది ఎలా తెలుస్తుంది? 1983కు ముందు కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? మరమ్మతులో ఏవి పోతే మళ్ళీ దొరకవు?

దస్తావేజు

ముందు ఒకటి విడదీసుకోండి. భవనం, ప్రెస్సు, పత్రిక: ఈ మూడింటికీ మూడు వేరు వేరు పుట్టుకలు ఉంటాయి. ఊళ్ళో జనం మూడింటినీ కలిపి ఒకే తేదీ చెబుతారు, అక్కడే తప్పు జరుగుతుంది. వీరేశలింగం గారి వివేకవర్ధని 1874లో మొదలైంది. రాజమండ్రి పత్రికే అయినా మొదట్లో అచ్చయింది మద్రాసులో, సొంత ముద్రాక్షరశాల తర్వాత వచ్చింది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. పేరు ఒకటే, కప్పు మారింది.

కాబట్టి సంచికల దగ్గర మొదలుపెట్టండి. ప్రతి సంచిక చివరి పేజీ అడుగున సన్నక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఎవరు ముద్రించారు, ఏ ప్రెస్సులో, ఎవరు ప్రచురించారు, ఎక్కడినుంచి. 1867 నాటి ప్రెస్ చట్టం అది లేకుండా అచ్చు వేయనిచ్చేది కాదు, అందుకే ఎంత చిన్న పత్రికలోనైనా దొరుకుతుంది. సంచికకొక ఫొటో తీసి, తేదీ పక్కన ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోండి. ప్రెస్సు పేరు, ప్రచురణకర్త పేరు, వీధి పేరు ఎక్కడ మారాయో అక్కడ గీత గీయండి. మీ చరిత్రకు వెన్నెముక అదే.

సంపుటి సంఖ్య నుంచి వెనక్కి లెక్కేస్తే పత్రిక మొదలైన ఏడు దాదాపుగా వస్తుంది. కానీ పత్రిక మధ్యలో ఆగి మళ్ళీ మొదలైతే కొందరు పాత సంపుటినే కొనసాగిస్తారు, కొందరు ఒకటి నుంచి మొదలుపెడతారు. కనీసం రెండు వేరు వేరు ఏళ్ళ సంచికలతో లెక్క సరిచూడండి.

1956 తర్వాతి సంచికల్లో మార్చి మొదటి వారానివి విడిగా తీయండి. ఫిబ్రవరి చివరి రోజు తర్వాత వచ్చే మొదటి సంచికలో నాలుగో నమూనా ప్రకటన వేయాలన్నది 1956 నాటి నిబంధన. ప్రచురణ స్థలం, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, వాళ్ళ చిరునామాలు, పెట్టుబడిలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. యాజమాన్యం చేతులు మారిన సంగతి దానంత సూటిగా ఇంకెక్కడా దొరకదు. పత్రిక తలకట్టు దగ్గర ఉండే ఆర్‌ఎన్‌ఐ నంబరు చివర /57 అని ఉంటే పత్రిక 1957లో పుట్టిందని కాదు. పత్రికల రిజిస్ట్రారు కార్యాలయం 1956 జులైలో తెరిచారు, అప్పటికే నడుస్తున్న పత్రికలన్నీ ఆ తర్వాత నమోదయ్యాయి.

ఇక దస్తావేజులు. ఆన్‌లైన్ ఈసీ 1983 దగ్గర ఆగుతుంది. అంతకు ముందుది సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేత్తో వెతికించాలి, ఫారం 22 మీద దరఖాస్తు పెట్టి ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా కావాలో రాయాలి. బజారు నడిబొడ్డు సాధారణంగా గ్రామకంఠం (ఊరి ఇళ్ళున్న నివాస స్థలం). విడి సర్వే నంబరు ఉండదు కాబట్టి ఆస్తి సూచికలో (ఇండెక్స్ 2) వెతికితే దొరక్కపోవచ్చు. పేర్ల సూచికలో (ఇండెక్స్ 1), సంచికల్లో దొరికిన ప్రచురణకర్తల పేర్లు పట్టుకుని వెతికించండి.

ప్రెస్సు అద్దెకుండి ఉంటే ఇదీ ఫలించదు. ఆ రోజుల్లో ఏడాదికి లోపు అద్దె ఒప్పందం రిజిస్టరు చేయాల్సిన పని లేదు, చేసేవాళ్ళూ తక్కువగా ఉండేవారు. అప్పుడు పక్కింటి వాళ్ళ దస్తావేజులు చూడాలి. వాళ్ళ హద్దుల్లో "పడమర: ఫలానా ప్రెస్సు ఉన్న మేడ" అని రాసి ఉంటుంది. తూర్పు, పడమర, వెనక ఇంటి పత్రాలు మూడూ అడగండి. ఇరుగుపొరుగు సాధారణంగా చూపిస్తారు, అమ్మకం మాట ఎత్తకపోతే చాలు.

సీసాక్షరం

కాగితాల సంగతి పైన బాగా చెప్పారు. నేను నేల సంగతి చెబుతాను. మరమ్మతువాళ్ళు మొదట తవ్వేసేది దాన్నే.

ప్రెస్సు ఉన్న గదికి గుర్తులుంటాయి. ట్రెడిల్‌ను (కాలితో తొక్కి నడిపే చిన్న అచ్చు యంత్రం) చెక్క దిమ్మెల మీదో రాతి పలక మీదో కూర్చోబెడతారు, గుర్తులు పెద్దగా మిగలవు. పెద్ద కాగితం మీద అచ్చు వేసే సిలిండర్ మెషీన్ టన్నుల బరువు, దానికి నేలలో కట్టుబడి దిమ్మె, పునాది బోల్టులు కావాలి. మిషను తుక్కుకు పోయినా బోల్టులు కోసేసిన మొండాలు నేలలో ఉండిపోతాయి. గచ్చు మీద నల్లటి జిడ్డు మరక ఎక్కడ గుండ్రంగా, ఎక్కడ పొడవుగా ఉందో చూడండి. సిరా, కిరసనాయిలు, ఇంజనాయిలు కలిసి దిగిన చోట కొత్త సిమెంటు పట్టదు, నెలల్లో పెచ్చు లేస్తుంది. "ఈ మూల ఎన్నిసార్లు గచ్చు చేసినా ఊడిపోతోంది" అని యజమానులు అంటే అది మీకు సాక్ష్యం.

కరెంటు రాకముందు సిలిండర్‌ను ఆయిల్ ఇంజనుతో తిప్పేవారు, లేదా మనుషులు చక్రం పట్టి తిప్పేవారు. ఇంజను ఉంటే దానికి విడి కొట్టు, గోడలో పొగగొట్టం కన్నం, చల్లార్చే నీళ్ళ తొట్టి, పక్క గోడలో బెల్టు పోయే నిలువు చీలిక ఉంటాయి. హాలు దూలాలకు ఇనుప బ్రాకెట్లు వరసగా ఉంటే అవి షాఫ్టు (ఇంజను తిప్పే ఇనుప కడ్డీ) మోసినవి. వాటి కింద కప్పీలు పోయినా బోల్టు కన్నాలు మిగులుతాయి.

కంపోజింగ్ గది (అచ్చు అక్షరాలు పేర్చే గది) వెలుతురు ఉన్న వైపు ఉంటుంది. ఇంగ్లిషుకు రెండు కేసులతో (అక్షరాల అరల పెట్టెలతో) పని జరుగుతుంది. తెలుగుకు అచ్చులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి కేసులు చాలా ఎక్కువ, కాబట్టి ర్యాకులు గోడ పొడవునా నిలబడేవి. పెంకుల కప్పులో అక్కడక్కడా గాజు పెంకు వేసి ఉంటే దాని కింద కంపోజిటర్ నిలబడి ఉంటాడని అనుకోవచ్చు. ఆ కింద నాపరాళ్ళ సందుల్లో సన్న పుల్లతో గీకి చూడండి, రాలిన టైపు (లోహపు అచ్చు అక్షరం) దొరుకుతుంది. ఏ సైజు, తెలుగా ఇంగ్లిషా, అరిగిందా కొత్తదా అన్నది రాసి, ఏ మూల దొరికిందో కాగితం మీద గుర్తు పెట్టి డబ్బీలో వేయండి.

ఒక జాగ్రత్త. టైపు లోహంలో ఎక్కువ భాగం సీసం, మిగతాది ఆంటిమొనీ, తగరం. ఆ గది దుమ్మును పొడి చీపురుతో ఊడ్చకూడదు. తడిగుడ్డతో తుడవాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, చేతులు కడగకుండా తినకూడదు, పిల్లల్ని లోపలికి రానీయకూడదు. నాపరాళ్ళు గ్రైండర్‌తో రుద్దించడం మాత్రం అసలు వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష: సంచిక పేజీ కొలవండి. పేజీ 15×20 అంగుళాలుంటే అది డబుల్ క్రౌను (20×30) కాగితాన్ని ఒక్కసారి మడిచినది. రెండు పేజీలు కలిపి ఒక ఫారంగా (ఒకే అచ్చుగా) వేయాలంటే మెషీనుకు 20×30 పట్టే బెడ్డు (అక్షరాలు పరిచే పలక) కావాలి. క్రౌన్ ఫోలియో (10×15) ట్రెడిల్ మీద అందులో ఒక్క పేజీ కూడా పట్టదు. కాబట్టి పేజీ అంత పెద్దదై, హాల్లో ట్రెడిల్ జాడ తప్ప ఇంకేం లేకపోతే, ఆ పత్రిక అక్కడ అచ్చు కాలేదు. అక్కడ అచ్చయినవి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు.

గానుగసున్నం

1865 సంగతి తేల్చేద్దాం. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడు అది. ఆ తర్వాత దశాబ్దాల పాటు చేసిన పెంకుల మీద కూడా అదే అంకె వేశారు. అది కంపెనీ పుట్టిన తేదీ. మీ హాలు అప్పటికి కట్టిందని అది చెప్పదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి, ఆ పేరుతో పెంకులు ఉంటే అవి ఆ తర్వాతివి. ఒక్క పెంకు చూసి తేల్చకండి. కప్పు నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి తీసి చూడండి. పెంకులు పగిలినప్పుడల్లా దొరికింది వేస్తారు, వేరే భవనం కూలిస్తే వచ్చిన పెంకులు కొనుక్కొచ్చి కూడా వేస్తారు.

ఇనుప దూలాలు ఉంటే వాటి నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలు చూడండి. టాటా పేరు ఉంటే 1912కు ముందుది కాదు, వాళ్ళ ఉక్కు తయారీ అప్పుడే మొదలైంది. ఇంగ్లండు కంపెనీ పేరున్నంత మాత్రాన అంతకంటే పాతదని చెప్పలేం, దిగుమతి ఆ తర్వాతా సాగింది.

"ప్రజోత్పత్తి 1931" అంటే ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా ప్రజోత్పత్తే. గచ్చు పోసిన పని ఆ ఏడాదిదని నమ్మవచ్చు. కానీ ఆ గచ్చు ముందు భాగానిది. వెనక హాలు అంతకు ముందుదో తర్వాతదో తెలియాలంటే ముందు గదుల వెనక గోడ, హాలు పక్క గోడ కలిసే మూలలో ఒక అడుగు మేర పూత తీయించండి. ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పళ్ళు కలిపి ఉంటే ఒకేసారి కట్టినవి. నిలువుగా ఒక తిన్నని అతుకు ఉంటే రెండూ వేర్వేరు కాలాలవి. ఏది ముందు? ఏ గోడ పూత అతుకు లోపలికి కూడా సాగి ఉందో అది ముందు కట్టింది, ఎందుకంటే రెండోది వచ్చి ఆనుకునే నాటికి అది బయటి గోడ.

పిట్టగోడ అక్షరాల మీద వెల్లపొరలు పేరుకుని ఉంటాయి. వైరు బ్రష్షు పెట్టనివ్వకండి. తడిపి, వెదురు బద్దతో పొరలుగా తీయాలి. రాత్రి టార్చి గోడకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుని ముందు గోడంతా చూడండి. రంగు కింద చెరిగిన పాత పేరు ఎత్తుపల్లాలుగా కనిపించే అవకాశం ఉంది. ఆ ఫొటోలు పని మొదలవకముందే తీయాలి.

మరమ్మతుకు సిమెంటు పూత వద్దు. గానుగ సున్నపు గోడ లోపలి చెమ్మ బయటికి వదులుతుంది. మీద సిమెంటు కప్పితే ఆ చెమ్మ పైకి పాకుతుంది, పూత పై అంచు దగ్గర ఉప్పు పూస్తుంది, ఇటుక పొడి రాలుతుంది. పాత భవనాల్లో నడుమెత్తు దాకా సిమెంటు పూసి, దాని పైన గోడ తినేసి ఉండటం అందుకే. నానబెట్టిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక రెండున్నర పాళ్ళు, పూతకు అది సరిపోతుంది. సున్నం కనీసం రెండు వారాలు నీళ్ళలో నానాలి. నానని రవ్వలు పూతలో పడితే తర్వాత అవి విచ్చుకుని గోడంతా చిన్న చిన్న గుంటలు పడతాయి. మండుటెండలో పూయిస్తే బీటలు తప్పవు. తడి గోనెపట్టా కట్టించండి, పైన వెల్ల వేయండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు.

పెద్దబజారు

చాలా సాయం. చెప్పినవి కొన్ని చూసి రాస్తున్నాను.

1938 సంచిక పేజీ 15×20. సంపుటి 9. అడుగున ముద్రణ మా ఊరి మరో ప్రెస్సులో, ప్రచురణ పెద్దబజారు నుంచి అని ఉంది. 1941 దాకా అదే. 1952 సంచికలో ముద్రణ, ప్రచురణ రెండూ పెద్దబజారే, ప్రెస్సుకు పత్రిక పేరే.

హాల్లో కోసేసిన బోల్టులు నాలుగు కనిపించాయి, దీర్ఘచతురస్రంగా. వెనక కొట్టు గోడలో గుండ్రటి కన్నం, నీళ్ళ తొట్టి ఉన్నాయి. మూల దగ్గర పూత తీయిస్తే తిన్నని అతుకు కనబడింది. ముందు గదుల గోడ మీది పూతే లోపలికి సాగి ఉంది. 1940 తర్వాత సంచికల్లో పేజీలు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గాయి, పత్రిక అప్పుడే దెబ్బతిందా?

సీసాక్షరం

అయితే లెక్క కుదిరింది. 1938లో సంపుటి 9 అంటే పత్రిక 1930 ప్రాంతంలో మొదలై ఉండాలి. 1931 నాటి ముందు గదులు కార్యాలయం కావచ్చు, ప్రెస్సు మాత్రం కాదు. హాలు ఆ గదులకు తర్వాత ఆనించి కట్టింది. బోల్టులు, తొట్టి, కన్నం కలిసి ఇంజనుతో నడిచిన సిలిండర్‌ను చూపిస్తున్నాయి. అది 1941కీ 1952కీ మధ్య వచ్చింది. ఆ మధ్య సంచికలు ఇంకెక్కడైనా దొరికితే ఈ పదకొండేళ్ళ సందు ఇంకా చిన్నదవుతుంది. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అడగండి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లో మీది లేకపోయినా, ఇతర పత్రికల్లో దాని ప్రకటన దొరకవచ్చు.

పేజీలు తగ్గడాన్ని పత్రిక పతనం అని ఫలకం మీద రాయకండి. యుద్ధకాలంలో కాగితానికి కరువు, అందరి పేజీలూ తగ్గాయి.

సిలిండర్ ఎందుకు కొన్నారో కూడా ఊహించవచ్చు. నాలుగు పేజీల వెయ్యి ప్రతులంటే కాగితానికి రెండు వైపులా రెండు వేల అచ్చులు. ఇద్దరు మనుషులు హ్యాండ్ ప్రెస్సు మీద గంటకు రెండు వందల పైచిలుకు తీస్తారు, అంటే ఒక రోజంతా. సిలిండర్ మీద రెండు గంటల పని, మిగతా రోజులు బయటి జాబు పని (శుభలేఖలు, బిల్లు పుస్తకాల లాంటివి) వేసుకోవచ్చు. చిన్న ఊళ్ళో వారపత్రికను పోషించింది చందాలు కాదు, ఆ జాబు పనే.

బోల్టుల మధ్య దూరాలు అంగుళాల్లో, మధ్య నుంచి మధ్యకు కొలిచి పెట్టండి.

దస్తావేజు

ఇంజను దొరికింది కాబట్టి మునిసిపాలిటీలో ఒక దారి తెరుచుకుంది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కింద ఇంజనో మోటారో బిగించడానికి అనుమతి తీసుకోవాల్సి ఉండేది. ఆ దరఖాస్తు కౌన్సిల్ ముందుకు వచ్చి ఉంటే 1941–52 తీర్మానాల పుస్తకాల్లో ఉంటుంది. రికార్డు గదిలో చూడనివ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి, "కాపీలు ఇవ్వండి" అని కాక "ఫలానా ఏళ్ళ పుస్తకాలు చూడటానికి అనుమతించండి" అని అడగండి. కాపీలడిగితే దొరకలేదన్న జవాబు తేలిగ్గా వస్తుంది. ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్లలో పాత డోరు నంబరు, కొత్త నంబరు పక్కపక్కన ఉన్న ఏడు పట్టుకుంటే అక్కడినుంచి వెనక్కి వెళ్ళడం సులువు. హాలు కట్టిన అర్ధ సంవత్సరంలో పన్ను పెరిగి ఉంటుంది.

రెండోది డిక్లరేషన్. ప్రెస్సు పెట్టినవాడు అది ఎక్కడ ఉందో మెజిస్ట్రేటు ముందు రాసివ్వాల్సి ఉండేది, పత్రిక అచ్చు చోటు మారితే మళ్ళీ రాసివ్వాల్సి ఉండేది. మీ పత్రిక ప్రెస్సు మార్చింది కాబట్టి రెండో డిక్లరేషన్ తప్పక ఉండాలి. కలెక్టరేటులో మెజిస్టీరియల్ పని చూసే సి సెక్షన్‌లో గానీ, సబ్ కలెక్టరు కార్యాలయంలో గానీ అడగండి. 2022లో జిల్లాలు విడిపోయాయి, పాత ఫైళ్ళు చాలావరకు గుంటూరులోనే. కొత్త చట్టం 2024 మార్చిలో అమల్లోకి వచ్చి ఈ డిక్లరేషన్ పద్ధతే పోయింది కాబట్టి ఆ రిజిస్టర్లు పనికిరానివని పక్కన పడేయకముందే వెళ్ళండి. అప్పటి మద్రాసు ప్రభుత్వం పత్రికల మీద తయారుచేయించిన రహస్య నివేదికలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ పత్రిక 1930లలో కాంగ్రెసు వైపు రాసి ఉంటే పేరు తగలవచ్చు.

సేత్వారు

ఇదే పని తెలంగాణలో చేసేవాళ్ళకు ఒక మాట. నిజాం రాజ్యంలో 1867 చట్టం లేదు, అనుమతి వ్యవహారం వేరు, కాగితాలు ఉర్దూలో ఉంటాయి. వెతకాల్సింది హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో. ఫస్లీ (అప్పటి రెవెన్యూ సంవత్సరం) అంకెకు 590 కలపాలి, కానీ అక్కడి ఫస్లీ అక్టోబరులో మొదలవుతుంది, మద్రాసు ఫసలీ జులైలో. ఒకే అంకెకు రెండు చోట్లా మూడు నెలల తేడా ఉంటుంది.

పట్టణమే కావాలని కూడా లేదు. 1922లో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపింది ఇనుగుర్తి అనే పల్లె నుంచి. అదే ఏడాది నల్గొండలో నీలగిరి వచ్చింది. పల్లెల్లో ప్రెస్సు నడిచింది ఇళ్ళలోనే, విడి భవనం కోసం వెతికితే దొరకదు. ఆబాదిలోని (ఊరి నివాస స్థలంలోని) ఇంటికి పహాణీలో (సాగుభూమి రికార్డులో) జాడ ఉండదు, అచ్చు పుస్తకాల అట్ట లోపలి చిరునామాలే దిక్కు.

గానుగసున్నం

ఫలకం కొలతలు అడగలేదు గానీ చెప్పేస్తున్నాను. గోడలోకి మేకులు దిగేది ఇటుకల మధ్య సున్నపు కీళ్ళలో ఉండాలి, ఇటుకలో కాదు. ఇనుప స్క్రూలు తుప్పు పట్టి ఉబ్బి పూత పగలగొడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. పలక గోడకు ఆనకుండా అర అంగుళం ఎడం ఉంచండి. రాతలో మూడు తేదీలూ విడివిడిగా రాయండి: ముందు గదులు 1931, పత్రిక సుమారు 1930 నుంచి, హాలు 1931 తర్వాత, ప్రెస్సు 1941–1952 మధ్య. ఆ మూడో వరుసకు కింద ఖాళీ వదలండి. కౌన్సిల్ పుస్తకంలో ఏడు దొరికితే చెక్కించుకోవచ్చు.